సలహాకి కూడా అంటు ఉంది
(కులం - కొలువు సిరీస్, 9వ భాగం)



పోయిన భాగం చదివాక యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి చాలామంది తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంచుమించు ఒకటే మాట అడిగారు. "అన్నా, మా క్యాంపస్‌కి కన్సల్టింగ్ కంపెనీ వస్తోంది. మా నాన్న జన్మలో చూడనంత జీతం. చేరితే ఉద్యమానికి ద్రోహమా? చేరకపోతే ఇంటికి ద్రోహమా?" ఇన్‌బాక్సులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదిది. ఈ సలహాల వ్యాపారం ఎక్కడ పుట్టింది, ఎవరి చేతుల్లో పెరిగింది, మన గూడేల మీద దాని చెయ్యి ఎప్పుడు పడింది అన్నది తెలియకుండా చేరమనడమూ తప్పే, వద్దనడమూ తప్పే. అందుకే ఈ వారం దాని చరిత్ర.

చరిత్ర అంటే అమెరికా నుంచి మొదలుపెట్టాలి అనుకుంటారు. నేను బొంబాయి నుంచి మొదలుపెడతాను. ఎందుకంటే ఈ దేశంలో కన్సల్టింగ్ ఆఫీసు తెరిచి, కులం వల్ల మూసుకోవాల్సి వచ్చిన మనిషి పేరు భీమ్‌రావ్ రాంజీ అంబేడ్కర్.

1917 ఆగస్టు. బాబాసాహెబ్ లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు అయిపోయింది. ఒప్పందం ప్రకారం పదేళ్లు ఆ సంస్థానంలోనే కొలువు చెయ్యాలి. కొలంబియా యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదివినవాడు, సెలిగ్‌మన్ లాంటి ప్రొఫెసర్ దగ్గర ఇండియా ఆర్థిక వ్యవస్థ మీద పరిశోధన చేసినవాడు. అంత చదువుకున్నవాడికి బరోడా ఆఫీసులో ప్యూన్లు ఫైళ్లు దూరం నుంచి విసిరారు. తాగడానికి నీళ్లు లేవు. ఉండటానికి ఇల్లు లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించుకుని తలదాచుకుంటే, పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ సాయంత్రం కమాఠీబాగ్ తోటలో కూర్చుని, రాత్రి రైలుకి బొంబాయి ఎక్కేశారు. ఇది మనలో చాలామందికి తెలిసిన కథే.

తెలియనిది ఆ తర్వాతది. బరోడా నుంచి వచ్చేశాక, 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో ఉద్యోగం దొరికేదాకా ఆయన ఏం చేశారు? ఇంట్లో తినేవాళ్లు ఉన్నారు, ఆదాయం లేదు. ఇద్దరు పిల్లలకి ప్రైవేటు చెప్పారు. ఒక పార్సీ వ్యాపారి దగ్గర ఉత్తరాలు, లెక్కలు చూశారు. ఇండియాలో చిన్న కమతాల సమస్య మీద ఒక గొప్ప వ్యాసం రాశారు. వీటితోపాటు ఒక చిన్న సంస్థ పెట్టారు. స్టాకులు, షేర్ల వ్యాపారం చేసేవాళ్లకి సలహా ఇచ్చే సంస్థ. ఇప్పటి మాటలో చెప్పాలంటే ఇన్వెస్ట్‌మెంట్ కన్సల్టెన్సీ.

యుద్ధ కాలపు బొంబాయి అది. మిల్లుల షేర్ల మీద డబ్బు ఆడుతున్న ఊరు. దలాళ్లలో పార్సీలు, గుజరాతీ బనియాలు, భాటియాలు. వాళ్లకి కావలసింది డబ్బు ఎటు పోతుందో చదివి చెప్పగల మనిషి. అలాంటి చదువున్న మనిషి ఆ ఊళ్లో ఎంతమంది ఉండి ఉంటారు? సంస్థ మొదట్లో బాగానే నడిచింది. తర్వాత సలహా ఇచ్చేవాడు అంటరానివాడని తెలిసింది. రావడం మానేశారు. సంస్థ మూతపడింది. ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో దీనికి దక్కింది రెండు మూడు వాక్యాలే. మనవాళ్ల ఉపన్యాసాల్లో అదీ దక్కదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నీళ్ల కుండ ముట్టుకుంటే మైల అన్నారు. ఫైలు చేతికిస్తే మైల అన్నారు. వాటికి కనీసం ముట్టుకోవడం అనే సాకు ఉంది. సలహాని ముట్టుకునేది ఏముంది? అది మాట. గాలిలో పోయి చెవిలో పడేది. ఆ సలహాతో లాభం వస్తే వచ్చే రూపాయికి మైల లేదు. అయినా అక్కర్లేదన్నారు. వ్యాపారి లాభం వదులుకుంటాడా అని అడుగుతారు కదా మార్కెట్ భక్తులు. మార్కెట్‌కి కులం పట్టదు, దానికి లాభమే కులం అంటారు కదా. 1918 బొంబాయిలో వదులుకున్నాడు. ఎందుకంటే సలహా తీసుకోవడమంటే ఎదుటివాడికి నాకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకోవడం. కూలీకి పెట్టుకుంటే ఆ ఒప్పుకోలు అవసరం లేదు. కన్సల్టింగ్‌లో అమ్మేదే ఆ ఒప్పుకోలు.

సిడెన్‌హామ్‌లో నెలకి 450 రూపాయల ప్రొఫెసర్ అయ్యాక కూడా, స్టాఫ్ రూములో కుండలో నీళ్లు తాగొద్దని తోటి ప్రొఫెసర్లు కొందరు గొడవ చేశారు. పాఠం మాత్రం వేరే కాలేజీల పిల్లలు కూడా వచ్చి విన్నారు. గవర్నమెంటు కాలేజీ కాబట్టి వాళ్లు ఆయన్ని పంపించలేకపోయారు. ప్రైవేటు ఆఫీసుని కస్టమర్లు రాకపోతే చాలు, మూసేయించొచ్చు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మన ఊళ్లకి రండి. సలహా ఇచ్చే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకి మన దగ్గర వందల ఏళ్లుగా జవాబు ఉంది. కరణం. తెలంగాణలో పట్వారీ. భూమి ఎవడిది, శిస్తు ఎంత, ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, అంతా అతని కట్టలో ఉండేది. ఆ కట్ట విప్పి చదవగలిగేది అతనొక్కడే. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి. కలెక్టరు మారినా, ప్రభుత్వం మారినా, నైజాం పోయినా కరణం మారలేదు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవుల్ని రద్దు చేసేదాకా నడిచింది. పాలించేది ఒకడు, పాలించేవాడి చెవిలో చెప్పేది ఒకడు. మునిగేది మాత్రం ఎప్పుడూ మూడోవాడే.

మరి మనవాళ్లకి ఏమీ తెలియదా? చెరువు కింద ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు వదలాలో తెలిసిన నీరటి చాలా ఊళ్లలో మనవాడే. తూము ఎంత ఎత్తితే ఆఖరి మడి దాకా నీళ్లు పారతాయో ఇప్పటి ఇంజినీరు లెక్క కట్టి చెప్తాడు, నీరటి చూసి చెప్పేవాడు. మహారాష్ట్రలో పొలిమేర తగాదా వస్తే హద్దు చూపించి సాక్ష్యం చెప్పాల్సింది మహారు. ఊరి పొలిమేర మొత్తం అతని బుర్రలో ఉండేది. అది కూడా తెలివే, అది కూడా నిపుణతే. కాకపోతే కరణం తెలివికి మిరాశీ, మన తెలివికి వెట్టి. వాళ్లు చెప్తే సలహా, మనం చెప్తే చాకిరీ. ఈ వెట్టి వతన్‌ని తెంచడానికే బాబాసాహెబ్ 1928లో బొంబాయి కౌన్సిల్‌లో బిల్లు పెట్టారు.

అమెరికా కథ త్వరగా చెప్పేస్తాను. 1886లో ఆర్థర్ డి. లిటిల్ అనే రసాయన శాస్త్రవేత్త బోస్టన్‌లో ఫీజు తీసుకుని కంపెనీలకి సలహా ఇవ్వడం మొదలుపెట్టాడు. 1914లో షికాగోలో బూజ్, 1926లో అదే ఊళ్లో అకౌంటింగ్ ప్రొఫెసర్ జేమ్స్ మెకిన్సీ, 1963లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్, 1973లో బెయిన్. పేర్లు గుర్తుపెట్టుకోకపోయినా నష్టం లేదు. అసలు మూలపురుషుడు ఫ్రెడరిక్ టేలర్. చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని ఫ్యాక్టరీలో కూలీ ఎలా వంగుతున్నాడు, ఎలా లేస్తున్నాడు, ఎన్ని సెకన్లు ఊపిరి పీలుస్తున్నాడు అని రాసుకున్నవాడు. 1911లో వచ్చిన తన పుస్తకంలో గొప్పగా చెప్పుకున్నాడు: బెత్లెహేం స్టీల్‌లో ఇనుప దిమ్మెలు మోసే ఒక కూలీ రోజుకి పన్నెండున్నర టన్నులు మోసేవాడు, నేను చెప్పినట్టు చేశాక నలభై ఏడున్నర టన్నులు మోశాడు అని. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకి పెరిగింది. పని దాదాపు నాలుగింతలు. కూలి రెండింతలు కూడా కాదు. పైగా అతన్ని ఎద్దుతో పోల్చాడు.

టేలర్ చేసిన అసలు పని టన్నుల్లో లేదు. ఆలోచించేవాడు వేరు, చేసేవాడు వేరు అని ఫ్యాక్టరీ నేల మీద గీత గీయడం అతను చేసిన పని. మనకి ఆ గీత కొత్తా? కులం పనిని విభజించడం మాత్రమే కాదు, పనిచేసేవాళ్లనే విభజించడం అని 1936లో కుల నిర్మూలన పుస్తకంలో బాబాసాహెబ్ వాదించింది దీని గురించే. అమెరికావాడికి స్టాప్‌వాచ్ కావలసి వచ్చింది. మనవాళ్లకి మనువు చాలాడు.

ఇక మనకి బాగా తగిలిన కథ. 1999 జనవరిలో చంద్రబాబు ప్రభుత్వం 'విజన్ 2020' విడుదల చేసింది. తయారీలో చెయ్యి మెకిన్సీది. ముందు ఏడాదే ప్రపంచ బ్యాంకు రాష్ట్రానికి ఆర్థిక సంస్కరణల పేరుతో పెద్ద అప్పు ఇచ్చింది. ఆ కాలంలో హైటెక్ సిటీ, లాప్‌టాప్ ముఖ్యమంత్రి, బిల్ క్లింటన్ హైదరాబాద్ రాక, ఇవే వార్తలు. ఆ పుస్తకంలో ఒక లెక్క ఉంది. రాష్ట్రంలో వ్యవసాయం మీద బతికేవాళ్లు సుమారు 70 శాతం. 2020 నాటికి దీన్ని 40 శాతం దగ్గరికి తేవాలి. యంత్రాలు, కాంట్రాక్టు సేద్యం, ఎగుమతి పంటలు, బయోటెక్ విత్తనాలు.

కాగితం మీద ఇది రెండు అంకెల మధ్య తేడా. నేల మీద ఇది కోట్ల మంది. ఎవరా జనం? అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పనిచేసే దళితుల్లో సగానికి పైగా వ్యవసాయ కూలీలు. ఊడ్చేది, కలుపు తీసేది, కోసేది మన అమ్మలు, మన అక్కలు. ఆ 30 శాతం ఎక్కడికి పోవాలో ఆ పుస్తకం గూడేనికి వచ్చి అడగలేదు. పరిశ్రమలు వస్తాయి, సర్వీసులు వస్తాయి, వాటిలో కలుస్తారు అంది. నిజంగా ఎక్కడ కలిశారో మీకు తెలుసు. పాలమూరు లేబర్ బస్సుల్లో, హైదరాబాద్ సెంట్రింగ్ కర్రల మీద, గేటెడ్ కమ్యూనిటీల వాచ్‌మన్ గదుల్లో. వ్యవసాయం నుంచి జనం బయటికి రావడం తప్పని నేను అనను. వెట్టి చేసిన పొలాన్ని వదిలి మా వాళ్లు పట్నం పోవడంలో విముక్తి కూడా ఉంది, పల్లె అంటే బాబాసాహెబ్‌కి ఎలాంటి భ్రమలూ లేవు. నా గొడవ వేరు. ఎవరి బతుకు మారబోతోందో వాళ్ల నోట ఒక్క మాట రాకుండా, పొలం గట్టు తొక్కనివాళ్లు ఆ అంకె ఎలా రాశారు?

ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు. ఈ భాగంలో మీరు ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి. 2001 జూన్ చివర్లో మెదక్ జిల్లా జహీరాబాద్ దగ్గర ఆల్గోల్ అనే ఊళ్లో 'ప్రజాతీర్పు' అనే జ్యూరీ కూర్చుంది. జ్యూరీలో ఎవరు? రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చిన చిన్న, సన్నకారు రైతులు. ఎక్కువమంది ఆడవాళ్లు. ఎక్కువమంది దళితులు, ఆదివాసులు. చాలామందికి చదువు రాదు. వాళ్ల ముందు మూడు దారులు పెట్టారు. ఒకటి ప్రభుత్వం చెప్పే విజన్ 2020. రెండోది ఎగుమతి కోసం సేంద్రియ సేద్యం. మూడోది ఊరి అవసరాలకి ఊరే పండించుకునే దారి. వీడియోలు చూపించారు. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీల వైపువాళ్లు, ఉద్యమాలవాళ్లు సాక్షులుగా వచ్చారు. సాక్షుల్ని ప్రశ్నించింది జ్యూరీ అమ్మలే.

ఆలోచించండి. ఫీజు తీసుకునే కన్సల్టెంటు తయారుచేసిన దారిని కూలీ చేసుకునే మనిషి ముందు పెట్టి, "అమ్మా, నీకిది పనికొస్తుందా?" అని అడిగారు. మన చరిత్రలో అలా అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

తీర్పు స్పష్టంగా వచ్చింది. భూమి మీద బతికేవాళ్లని తగ్గించే ఆలోచన వద్దన్నారు. కూలి పని మింగేసే యంత్రాలు వద్దన్నారు. కాంట్రాక్టు సేద్యం వద్దన్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు, వాటిలో విటమిన్ ఎ బియ్యాన్ని కూడా. తమ విత్తనం, తమ ఎరువు, ఊరి భూమి మీద ఊరి పెత్తనం కావాలన్నారు. మూడు దారుల్లో ఒకదానికి టిక్కు పెట్టి లేచిపోలేదు. తమకి కావలసింది తామే కూర్చుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వానికి సాయం చేస్తున్న బ్రిటన్ ప్రభుత్వ శాఖ అధికారులకి ఈ నివేదిక రుచించలేదు. జ్యూరీలో ఉన్నవాళ్లు అందరికీ ప్రతినిధులు కారన్నారు. మెకిన్సీ కుర్రాళ్లు ఎవరికి ప్రతినిధులు అని మాత్రం ఎవరూ అడగలేదు.

2004 ఎన్నికల్లో ఆ ప్రభుత్వం ఓడిపోయింది. కరువు, కరెంటు, తెలంగాణ, పొత్తులు, కారణాలు చాలా ఉన్నాయి. పుస్తకం రాసిన కంపెనీకి ఏమైంది? ఏమీ కాలేదు. ముఖ్యమంత్రి ఓడిపోతాడు, కన్సల్టెంటు ఓడిపోడు. ఈ ఉద్యోగంలోని పెద్ద సౌకర్యం అదే, పెద్ద పాపమూ అదే. నొప్పి మాత్రల అమ్మకాలు పెంచుకోమని మందుల కంపెనీలకి సలహా ఇచ్చిన వ్యవహారంలో, 2021లో అమెరికా రాష్ట్రాలకి అదే మెకిన్సీ 57 కోట్ల డాలర్లకి పైగా కట్టి ఒప్పందం చేసుకుంది. ఆ మాత్రలకి అలవాటుపడి చచ్చిపోయిన పేదవాళ్లు తిరిగొస్తారా?

అమరావతి సంగతి ఒక్క పేరాలో. అసైన్డ్ భూముల దళిత రైతుకి ల్యాండ్ పూలింగ్‌లో పట్టా రైతుకంటే తక్కువ ప్లాటు. మాస్టర్ ప్లాన్ సింగపూర్ కన్సల్టెంట్లది, భవనాల డిజైన్ లండన్ కంపెనీది. ప్రభుత్వం మారింది. 2019 డిసెంబరులో ముఖ్యమంత్రి అసెంబ్లీలో మూడు రాజధానుల మాట అన్నారు. 2020 జనవరి మొదట్లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ నివేదిక వచ్చింది. అదీ ఆ వైపే చూపించింది. ఆ ప్రభుత్వానికి ఆ సలహా, ఈ ప్రభుత్వానికి ఈ సలహా. పెళ్లికి ముహూర్తం కుదరాలంటే పెళ్లివాళ్ల వీలు అడిగి తెలుసుకునే పంతులు గుర్తొస్తాడు నాకు. కుప్పలు కుప్పలుగా కాగితాలు వచ్చాయి. అసైన్డ్ పట్టా పట్టుకుని తిరిగిన మనవాడికి ఏ కాగితంలోనూ ఒక అధ్యాయం దక్కలేదు.

ఇంతసేపూ సూటు వేసుకున్న కన్సల్టింగ్ గురించి మాట్లాడాను. మన తెలుగు ఇళ్లల్లో 'కన్సల్టెన్సీ' అంటే అర్థం ఇంకోటి. అమీర్‌పేట. కోర్సు, రెజ్యూమె, వీసా, బెంచీ. "మావాడు కన్సల్టెన్సీ ద్వారా అమెరికా వెళ్లాడు" అనే మాట. దీనికీ చరిత్ర ఉంది.

1990లో అమెరికా చట్టం మార్చి హెచ్-1బి వీసా పెట్టింది, ఏడాదికి 65 వేలు. వైటూకే గోల తర్వాత 2001 నుంచి మూడేళ్లపాటు లక్షా 95 వేలకి పెంచారు. ఆ తలుపు దగ్గర నిలబడి మనుషుల్ని అటు పంపే వ్యాపారమే మన కన్సల్టెన్సీ. ఒక కంపెనీ పేరు మీద వీసా, పని ఇంకో కంపెనీలో, గంటకి వచ్చే డబ్బులో వాటా మధ్యవాళ్లకి. పని లేకపోతే బెంచీ మీద ఎదురుచూపు, చాలాసార్లు జీతం లేకుండా. అడ్డా మీద కూలీ లాగే. కాకపోతే అడ్డా కూలీకి మేస్త్రి ఒక్కడే. ఇక్కడ మేస్త్రి మీద మేస్త్రి. షియాంగ్ బియావో అనే చైనా మానవశాస్త్రవేత్త హైదరాబాద్ లోనూ సిడ్నీ లోనూ తిరిగి ఈ వ్యాపారం మీద ఒక పుస్తకం రాశాడు, 2007లో వచ్చింది. పరాయి దేశంవాడు వచ్చి మన గుట్టు పట్టుకున్నాడు. ఈ ప్రపంచ ఐటీ మార్కెట్‌ని నడిపేది కంప్యూటర్లతోపాటు కోస్తా మాగాణి మిగులు, ఇంజినీరింగ్ కాలేజీ, కట్నం అని చూపించాడు. బెంచీ మీద ఉన్న రోజుల్ని భరించేది మామగారి డబ్బు. మేనమామ కన్సల్టెన్సీ పెడతాడు, బావమరిది బెంచీ మీద ఉంటాడు, ఊరివాడు రూమ్ ఇస్తాడు.

మాగాణి లేని మాలోడికి, మాదిగోడికి ఈ గొలుసులో మొదటి కడియం ఎవరిస్తారు? మనవాళ్లు వెళ్లలేదని కాదు. వెళ్లారు, బాగుపడ్డారు, వాళ్ల డబ్బుతో ఊళ్లో అంబేడ్కర్ విగ్రహాలు లేచాయి, తమ్ముళ్ల ఫీజులు కట్టబడ్డాయి. ఎక్కువమంది అప్పు తెచ్చుకుని వెళ్లారు, పేరు చివర తోక లేకుండా వెళ్లారు. రూమ్మేటు "మీదేవూరు, మీరేమిట్లు" అని అడుగుతాడేమోనని భయపడుతూ బతికారు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ సిస్కో మీద వేసిన కేసులో ఆరోపణ కూడా ఇలాంటిదే, ఒక దళిత ఇంజినీరు కులాన్ని తోటి భారతీయులు బయటపెట్టారని. 2023లో ఆ ఇద్దరు ఇంజినీర్ల మీద కేసు ఉపసంహరించుకున్నారు. ఆరోపణ రుజువైందని నేను అనడం లేదు. ఆ భయం ఎలాంటిదో మాత్రం మనకి ఎవరూ వివరించక్కర్లేదు. 1918 బొంబాయిలో ఆ సంస్థని మూయించింది అదే, తెలిసిపోవడం.

సరే, ఇప్పుడు మీ క్యాంపస్‌కి వచ్చే కంపెనీ. మంచి ఏముంది? చాలా ఉంది, దాచను. మొదటిది జీతం. ఇంట్లో తాకట్టులో ఉన్న కమ్మలు విడిపించడాన్ని ఏ సిద్ధాంతమూ తక్కువ చేయలేదు. రెండోది, ఇరవై మూడేళ్లకే కంపెనీల లోపలి లెక్కలు చూస్తారు. బ్యాలెన్స్ షీట్ చదవడం వస్తుంది. పెద్దవాళ్లు ఏ అంకె దగ్గర తడబడతారో తెలుస్తుంది. మన ఉద్యమాల్లో పాట రాసేవాళ్లున్నారు, కేసు వాదించేవాళ్లున్నారు, సబ్‌ప్లాన్ నిధులు ఏ పద్దు నుంచి ఏ పద్దుకి జారిపోయాయో పట్టుకునేవాళ్లు బాగా తక్కువ. బాబాసాహెబ్ రూపాయి సమస్య మీద పుస్తకం రాసి, తర్వాత కరెన్సీ కమిషన్ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పింది ఆ విద్య చేతిలో ఉండబట్టే. మూడోది, ఆ పేరు రెజ్యూమె మీద ఉంటే తర్వాత చాలా తలుపులు తెరుచుకుంటాయి.

చెడు? పని గంటలకి లెక్క ఉండదు. కొన్నిచోట్ల పై మెట్టు ఎక్కలేకపోతే బయటికి పొమ్మంటారు. ఇవి అందరికీ ఉన్నవే. మనకి ప్రత్యేకమైనది ఇంటర్వ్యూ దగ్గరే మొదలవుతుంది. 2007లో థొరాట్, అటెవెల్ ప్రైవేటు కంపెనీలకి ఒకే అర్హతలతో, వేరు వేరు పేర్లతో దరఖాస్తులు పంపించి చూశారు. దళిత పేరున్న దరఖాస్తుకి పిలుపు వచ్చే అవకాశం అగ్రకులం పేరున్నదానితో పోలిస్తే మూడింట రెండొంతులే. ఆ ఏడాదే జోధ్కా, న్యూమన్ హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడితే, వాళ్లు కులం అడగమని చెప్తూనే "ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్" తప్పకుండా అడుగుతామని చెప్పారు. కన్సల్టింగ్‌లో దీనికి ఇంకో ముద్దుపేరు ఉంది, 'ఫిట్'. క్లయింటు ముందు కూర్చోబెట్టగలమా? ఒక చెల్లెల్ని ఇంటర్వ్యూలో సెలవులకి కుటుంబంతో ఎక్కడికి వెళ్తారని అడిగారట. మిరప కోతలకి వెళ్తామని చెప్పాలా, గోవా అని చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండిపోయానంది. పై మెట్లు ఎవరితో నిండి ఉన్నాయో కూడా చూడండి. దేశంలో వెయ్యి పెద్ద కంపెనీల బోర్డుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో అగ్రకులాలు 90 శాతానికి పైగా, ఎస్సీ ఎస్టీలు కలిపి మూడున్నర శాతం. కన్సల్టెంటుకి క్లయింట్లు వీళ్లే.

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకోటి. అది కంపెనీలో చేరినవాడికి కాదు, చేరనివాడికి జరిగేది. సచివాలయాల్లో, మున్సిపాలిటీల్లో, స్మార్ట్ సిటీ ఆఫీసుల్లో ఇప్పుడు ప్రతి శాఖకీ ఒక ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ యూనిట్. దాంట్లో కూర్చునేది పెద్ద కన్సల్టింగ్ కంపెనీల కుర్రాళ్లు. నోట్ రాసేది వాళ్లు, ప్రజెంటేషన్ చేసేది వాళ్లు, పథకం ఎవరికి అందాలో గీత గీసేదీ చాలాసార్లు వాళ్లే. ఒకప్పుడు ఈ పని సెక్షన్ ఆఫీసరు చేసేవాడు, ఆ పోస్టుకి రోస్టర్ ఉండేది, ఆ రోస్టర్ మీదుగా మనవాడు అక్కడికి చేరేవాడు. కంపెనీ మనిషికి రోస్టర్ లేదు. పోస్టు రద్దు చేశామని ఎవరూ ప్రకటించరు, భర్తీ చేయరు, అంతే. 2024 ఆగస్టులో కేంద్రం 45 లేటరల్ ఎంట్రీ పోస్టుల ప్రకటన ఇస్తే రిజర్వేషన్ ఏదని దేశమంతా అడిగింది, వెనక్కి తీసుకున్నారు. అది ప్రకటన కాబట్టి కనపడింది. ఇది టెండరు, కనపడదు. సిడెన్‌హామ్‌కీ ఆ షేర్ల సంస్థకీ ఉన్న తేడా గుర్తుంది కదా. ఒకదాంట్లో మనల్ని తీసేయలేకపోయారు. రెండోదాంట్లో రాకపోతే సరిపోయింది. ఇప్పుడు మొదటిదాన్నే రెండోదానిలోకి మార్చేస్తున్నారు.

కాబట్టి అడిగిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నా జవాబు: చేరండి. అప్పు తీర్చండి, విద్య పట్టుకోండి, మూడు నాలుగేళ్లు ఆ కట్ట విప్పి చదవడం నేర్చుకోండి. చేరేముందు ఆఫర్ లెటర్‌లో బాండు ఎంతకాలమో, బెంచీ మీద జీతం ఉందో లేదో చదివి సంతకం పెట్టండి. అమీర్‌పేట రకం కన్సల్టెన్సీ అయితే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. తెలియని అనుభవం రెజ్యూమెలో రాయిస్తామంటే లేచి వచ్చేయండి. అప్పుడప్పుడు ఆల్గోల్ అమ్మల ముందు ఆ స్లయిడ్ పెడితే ఏమంటారో ఊహించుకోండి.

చేరని కార్యకర్తలకి వేరే పని ఉంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు. మీ జిల్లాలో, మీ మున్సిపాలిటీలో, మీ శాఖలో అడగండి. ఎన్ని కన్సల్టింగ్ సంస్థలతో ఒప్పందం ఉంది, ఏడాదికి ఎంత చెల్లిస్తున్నారు? వాళ్ల మనుషులు ఎంతమంది ఆఫీసులో కూర్చుంటున్నారు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎంతమంది? అదే ఆఫీసులో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఆ ఖాళీల్లో రోస్టర్ పాయింట్లు ఎన్ని మనవి? ఎస్సీ సబ్‌ప్లాన్ డబ్బులోంచి కన్సల్టెన్సీ ఫీజు కట్టారా, కడితే ఎంత?

జవాబులొచ్చాక, "మా దగ్గర సమాచారం లేదు" అనే జవాబు వచ్చినా సరే, కాపీ నాకు పంపండి. దరఖాస్తు పెట్టినవారి పేర్లు తీసేసి పదకొండో భాగంలో అన్నీ ఒకచోట పెడతాను. పదో భాగం అవుట్‌సోర్సింగ్ ఏజెన్సీల మీద, మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికుల పీఎఫ్ పుస్తకాల నుంచి మొదలవుతుంది.

జై భీమ్.